బైపీసీ అయిపోయింది.. నీట్ ర్యాంకు రాలేదు! లాంగ్‌టర్మ్‌కు ఫీజు కట్టే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్కలు ఇవే

వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా హైవే మీద ఒక్కసారి వెళ్లి చూడండి. ఎటు చూసినా నీట్ ర్యాంకర్ల ఫొటోలే. వాటి కింద 'లాంగ్‌టర్మ్ అడ్మిషన్లు జరుగుచున్నవి' అని పెద్ద అక్షరాలు. నీట్ ఫలితాలు వచ్చిన వారంలో ఈ ఫ్లెక్సీలు ఇంకా పెరుగుతాయి. అదే వారంలో ఎన్జీవోస్ కాలనీలో, సాహెబ్‌నగర్‌లో, బీఎన్ రెడ్డి నగర్‌లో బైపీసీ చదివిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే చర్చ. మళ్లీ రాయించాలా? వద్దా? రాయించకపోతే మరి ఏం చేయాలి?

మన దగ్గర ఎవరైనా "మా అమ్మాయి బైపీసీ" అని చెప్తే చాలు, అవతలివాళ్లు వెంటనే "అయితే డాక్టరమ్మ అన్నమాట" అనేస్తారు. ఆ మాట అనడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు. కానీ రెండేళ్ల పాటు ఆ మాట వింటూ పెరిగిన పిల్లకు, ఎంబీబీఎస్ సీటు రాని రోజున చదివిన బయాలజీ అంతా వృథా అయినట్టే అనిపిస్తుంది. నిజానికి వృథా కాదు. కాకపోతే మిగతా దారుల్లో ఒక్కోదానికి ఒక్కో పరీక్ష, ఒక్కో గడువు ఉంటుంది. నీట్ బాధలో ఉండగానే కొన్ని గడువులు దాటిపోతాయి. అసలు నష్టం జరిగేది అక్కడే.

ముందు సీట్ల లెక్క చూద్దాం

2025లో నీట్ రాసినవాళ్లు దేశవ్యాప్తంగా దాదాపు 22 లక్షల మంది. ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా 18 వేలు. అంటే దాదాపు 19 మందిలో ఒకరికి సీటు. అందులోనూ సగానికి దగ్గరగా ప్రైవేటు సీట్లే. కాబట్టి సీటు రాకపోవడం అనేది మీ ఇంట్లో మాత్రమే జరిగిన వింత కాదు. పరీక్ష రాసిన పిల్లల్లో ఎక్కువ మందికి జరిగేదే అది.

ఇక్కడ చాలామంది పొరబడేది 'క్వాలిఫై' అన్న మాట దగ్గర. 2025లో జనరల్ కేటగిరీలో 720కి 144 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే. అలా క్వాలిఫై అయినవాళ్లు 12 లక్షలకు పైనే ఉన్నారు. అంటే ఉన్న సీట్లకు పది రెట్లు. క్వాలిఫై కావడం అంటే కౌన్సెలింగ్ గేటు దగ్గరికి రావడం మాత్రమే, సీటు వచ్చినట్టు కాదు. "క్వాలిఫై అయ్యాడు కదా, ఏదో ఒక సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా ఏజెంట్ ఫోన్ చేస్తే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి.

ఇంకోటి, మార్కులను నిరుటి మార్కులతో పోల్చకండి. 2024లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ఫస్ట్ ర్యాంకర్‌కే 686. ఆ ఏడాది పేపర్ ఎంత కష్టంగా వచ్చిందంటే, 600 దాటినవాళ్లు దేశం మొత్తం మీద 1,400 మంది కూడా లేరు. "పక్కింటి అబ్బాయికి 550 వచ్చినా సీటు రాలేదంట, మనకు 480కి ఏం వస్తుంది" అన్న మాట ఇప్పుడు పనికిరాదు. చూడాల్సింది ర్యాంకు. అదీ మీ కేటగిరీలో, మీ రాష్ట్రంలో, కిందటేడు చివరి రౌండులో సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో అది. ఆ వివరాలు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కాలేజీల వారీగా దొరుకుతాయి. కోచింగ్ సెంటర్ కౌంటర్లో అడిగే కంటే అక్కడ చూసుకోవడం మేలు.

ఇక డబ్బు సంగతి

తెలంగాణలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా, అంటే ఏ కేటగిరీ సీటుకు 60 వేలు. ఈ రెండూ మధ్యతరగతి ఇంటికి అందేవే. ప్రైవేటు కాలేజీ సీట్లలో ఏ కేటగిరీ సగం, బీ కేటగిరీ 35 శాతం, ఎన్నారై కోటా అయిన సీ కేటగిరీ 15 శాతం. బీ కేటగిరీకి దిగితే ఏడాదికి 11 లక్షల పైమాటే. కోర్సు పూర్తయ్యేసరికి ట్యూషన్ ఫీజే అరకోటి దాటుతుంది. హాస్టల్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు దీనికి అదనం.

ఒక ఇల్లు ఊహించుకుందాం. నాన్నకు ఆటోనగర్‌లో ఉద్యోగం, అమ్మ ఇంట్లో టైలరింగ్ చేస్తుంది. సొంతానికి రెండు బెడ్రూముల ఫ్లాటు, దాని మీద ఇంకా ఎనిమిదేళ్ల లోన్. తర్వాత పదో తరగతి చదివే తమ్ముడున్నాడు. ఈ ఇంట్లో బీ కేటగిరీ అంటే ఫ్లాటు అమ్మడమో, ఊళ్లో పొలం అమ్మడమో తప్పదు. అమ్మాక వచ్చేది ఏమిటి? ఐదున్నరేళ్ల తర్వాత ఎంబీబీఎస్ పట్టా. ఈ రోజుల్లో అక్కడితో ఆగేవాళ్లు తక్కువ, పీజీ చేయాలి. దానికి మళ్లీ నీట్ పీజీ, మళ్లీ మూడేళ్లు. ఇప్పుడు 18 ఏళ్ల పిల్లవాడు స్పెషలిస్టుగా నిలబడేసరికి 28 దాటుతుంది. అప్పటికి తమ్ముడి ఇంజినీరింగ్ కూడా అయిపోయి ఉంటుంది. దాని ఫీజు ఎక్కడినుంచి తెచ్చారన్నది ఇంకో ప్రశ్న.

ఇదంతా డాక్టర్ చదువు వద్దని చెప్పడానికి కాదు. ఈ ఇల్లు ఎన్నేళ్లు ఆగగలదు, ఎంత పెట్టగలదు అనే రెండు అంకెలు కాగితం మీద రాసుకోకుండా కోచింగ్ సెంటర్ మెట్లు ఎక్కొద్దని చెప్పడానికి.

లాంగ్‌టర్మ్ ఎవరికి పనికొస్తుంది?

నీట్‌కు వయసు పైపరిమితి లేదు. ఎన్నిసార్లు రాయాలన్న హద్దు కూడా లేదు. ఇది మంచిదే, ప్రమాదమూ ఇదే. ఆపేవాళ్లు లేరు కాబట్టి మూడోసారి, నాలుగోసారి రాస్తూ 22 ఏళ్లు వచ్చేసిన పిల్లలు దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం హాస్టళ్లలో కనిపిస్తూనే ఉంటారు.

మరి ఎలా తేల్చుకోవాలి? మొన్న రాసిన పేపరు, కీ, ఓఎంఆర్ కాపీ ముందు పెట్టుకోండి. మొత్తం 180 ప్రశ్నలు. అందులో బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. తప్పు రాసిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక గుర్తు పెట్టండి. తెలియక తప్పా, తెలిసీ తొందరలో తప్పా, టైం చాలక వదిలేసిందా, ఊరికే గుడ్డిగా బబుల్ నింపిందా? సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత కదా, గుడ్డిగా నింపినవి ఎన్ని మార్కులు తినేశాయో అప్పుడు కనపడుతుంది.

మన బైపీసీ పిల్లల్లో చాలామంది కథ ఒక్కటే. బయాలజీలో 360కి 280, 290 దాకా లాక్కొస్తారు, ఫిజిక్స్‌లో 180కి 50 దగ్గర కూలబడతారు. అలాంటి పిల్లకు ఒక ఏడాది ఫిజిక్స్ మీద గట్టిగా కూర్చుంటే పెరిగే చోటు నిజంగా ఉంది. కన్వీనర్ సీటుకు కొద్ది దూరంలో ఆగిపోయినవాళ్లకు కూడా ఒక్క ఏడాది పెట్టడం అర్థం ఉన్న పనే. అలా కాకుండా బయాలజీలోనే సగం రాకపోతే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదవాలంటేనే విసుగొస్తుంటే? అది కోచింగ్‌తో తీరే సమస్య కాదు. ఆ అబ్బాయికి బయాలజీ ఇష్టమా, లేక తెల్ల కోటు ఇష్టమా, లేక ఆ కోటు అమ్మానాన్నలకు ఇష్టమా అన్నది ముందు తేలాలి.

ఒక్క ఏడాది అని అనుకుంటే ఒక్క ఏడాదే అని ముందే మాట తీసుకోవాలి. ఆ మాట పిల్లల దగ్గర కాదు, పెద్దవాళ్ల దగ్గర తీసుకోవాలి. "ఇంకొక్కసారి రాయి నాన్నా" అనేది ఎక్కువగా వాళ్లే. ఆ ఏడాదిలో పిల్లలు నిద్ర పోకపోయినా, తిండి మానేసినా, ఎవరితో మాట్లాడకుండా ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ కౌన్సెలర్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

హైవే దాటితే లోకల్ పోతుందా?

వనస్థలిపురం వాళ్లకు ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఏరియాలో నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు, ఆంధ్రా వైపు చుట్టరికాలున్నవాళ్లు ఎక్కువ. పది అవ్వగానే బస్సెక్కించి విజయవాడ హాస్టల్లో ఇంటర్ చేర్పించడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఐదారు గంటల ప్రయాణమే కదా అనుకుంటారు.

కానీ తెలంగాణలో మెడికల్ సీట్ల లోకల్ రూల్ ప్రకారం, ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ సెకండియర్ దాకా తెలంగాణలోనే చదివి ఉండాలి. ఈ రూల్‌ను 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. బదిలీలయ్యే కొన్ని రకాల ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపు ఉంది, మిగతావాళ్లకు లేదు. ఆధార్ కార్డులో వనస్థలిపురం అడ్రస్ ఉన్నంత మాత్రాన సరిపోదు. పుట్టింది ఇక్కడే, ఇల్లు ఇక్కడే అయినా ఇంటర్ రెండేళ్లు అక్కడ చదివితే ఇక్కడ నాన్‌లోకల్ అయిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో తొమ్మిది, పది చదివే రెండో బిడ్డ ఉంటే ఈ సంగతి ఇప్పుడే చూసుకోండి.

ఎంసెట్ అనే పాత చుట్టం

ఒకప్పుడు మెడిసిన్ సీటు కూడా ఎంసెట్‌తోనే వచ్చేది. నీట్ వచ్చాక బైపీసీ పిల్లలు దాన్ని పట్టించుకోవడం తగ్గించేశారు. పేరు ఇప్పుడు ఎప్‌సెట్. అగ్రికల్చర్, ఫార్మసీ విభాగంలో 160 ప్రశ్నలు, 160 మార్కులు. బయాలజీ ఒక్కటే 80. నెగెటివ్ మార్కులు లేవు. నీట్‌కు చదివిన పిల్లకు ఇది కొత్తగా ప్రిపేర్ కావాల్సిన పరీక్షే కాదు. 2025లో ఏప్రిల్ 29, 30 తేదీల్లో జరిగింది, నీట్ మే 4న. అంటే వారం తేడా కూడా లేదు. "నీట్ ముందు డిస్టర్బెన్స్ ఎందుకు" అని దీన్ని వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి. జూన్‌లో నీట్ ఫలితం చూసుకున్నాక అందరికంటే ఎక్కువ బాధపడేదీ వీళ్లే.

ఈ ర్యాంకుతో వచ్చేవాటిలో మొదట చెప్పుకోవాల్సింది బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్. నాలుగేళ్లు. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ వర్సిటీ కింద కాలేజీలున్నాయి. రైతు కుటుంబాల పిల్లలకు విడిగా కోటా ఉంది. ఊళ్లో పొలం ఉండి సిటీకి వచ్చినవాళ్లు దాని షరతులు నోటిఫికేషన్‌లో జాగ్రత్తగా చదువుకోవాలి. పూర్తయ్యాక వ్యవసాయ శాఖలో ఏవో, ఏఈవో పోస్టులు ఉంటాయి. తెలంగాణలో సుమారు 5 వేల ఎకరాలకు ఒక ఏఈవో అన్న లెక్కన క్లస్టర్లు పెట్టారు. బ్యాంకుల్లో ఐబీపీఎస్ ద్వారా అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగాలున్నాయి. హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలకు కొదవ లేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచీ ఉంది.

వ్యవసాయం చదివి ఏం చేస్తాడులే అనేవాళ్లకు ఒక పేరు చెప్పాలి. కొవాగ్జిన్ తయారు చేసిన భారత్ బయోటెక్ వ్యవస్థాపకుడు కృష్ణ ఎల్లా ఎంబీబీఎస్ కాదు. ఆయన డిగ్రీ చేసింది అగ్రికల్చర్‌లో, బెంగళూరు వ్యవసాయ వర్సిటీలో. అక్కడినుంచి అమెరికా వెళ్లి విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి 1996లో ఇక్కడ కంపెనీ పెట్టారు. కోట్ల మంది చేతికి పడిన టీకా అలా ఒక వ్యవసాయ పట్టభద్రుడి కంపెనీ నుంచి వచ్చింది. అందరూ కృష్ణ ఎల్లాలు అవుతారని కాదు లెండి. సీటు పేరు చూసి మనిషిని కొలవొద్దని మాత్రమే.

హార్టికల్చర్, ఫిషరీస్, ఫుడ్ టెక్నాలజీ, కమ్యూనిటీ సైన్స్ కూడా ఈ ర్యాంకుతోనే. బయోటెక్నాలజీ, బయోమెడికల్ లాంటి కొన్ని ఇంజినీరింగ్ బ్రాంచీలకు బైపీసీ వాళ్లు అర్హులే, ఈ సంగతి చాలామందికి తెలియదు. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, అక్కడ నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ. వనస్థలిపురం పిల్లలకు అడవి అంటే ఎక్కడో ఉన్నది కాదు. హైవే పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. 3,600 ఎకరాల పార్కు, కృష్ణజింకలు తిరిగే చోటు. చిన్నప్పుడు పిక్నిక్‌కు వెళ్లిన ఆ పార్కును కాపాడేది కూడా ఒక ఉద్యోగమే. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయాలంటే బోటనీ, జువాలజీ, అగ్రికల్చర్, ఫారెస్ట్రీ లాంటి సబ్జెక్టులతో డిగ్రీ ఉండాలి. బీకాం, బీఏ హిస్టరీ వాళ్లు సివిల్స్ రాయగలరు కానీ దీనికి పనికిరారు. ఇక్కడ బయాలజీదే పైచేయి.

వెటర్నరీ మాత్రం ఎప్‌సెట్‌తో రాదు. తెలంగాణలో పీవీ నరసింహారావు వెటర్నరీ వర్సిటీ నీట్ ర్యాంకుతోనే బీవీఎస్సీ సీట్లు ఇస్తోంది. ఇది ఐదున్నరేళ్ల కోర్సు, ఎంబీబీఎస్‌కు సమానంగా కష్టం. ఎంబీబీఎస్ సీటు అందని ర్యాంకు దగ్గర కూడా ఇది దొరికే అవకాశం ఉంది కాబట్టి విడిగా అప్లై చేయాల్సిందే. ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో అది దానంతట అదే రాదు. ఇంట్లో కుక్కపిల్ల ఉందని ఇష్టపడితే మాత్రం ఒకసారి పశువుల ఆస్పత్రికి వెళ్లి ఒక పూట కూర్చుని రమ్మనండి. గేదె ఈత దగ్గర నిలబడగలడో లేదో అక్కడే తెలుస్తుంది.

నీట్ ర్యాంకుతోనే బీడీఎస్, ఆయుర్వేద, హోమియో, యునాని, నేచురోపతి సీట్లూ వస్తాయి. మనకు దగ్గర్లో రామంతాపూర్‌లోనే ప్రభుత్వ హోమియో కాలేజీ ఉంది. ఆ వైద్యం మీద నమ్మకం ఉన్నవాళ్లు చేరాలి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడానికే అయితే ఐదున్నరేళ్లు చాలా ఎక్కువ.

ఆస్పత్రిలో డాక్టర్ ఒక్కరే ఉండరు

ఎల్బీనగర్ చుట్టుపక్కల ఏ ఆస్పత్రికైనా వెళ్లి చూడండి. ఒక డాక్టర్ కనిపిస్తే ఆయన చుట్టూ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, డయాలసిస్ దగ్గర, ఓటీ దగ్గర, ఎక్స్‌రే దగ్గర టెక్నీషియన్లు కనిపిస్తారు. ఇందులో చాలామంది బైపీసీ పిల్లలే.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. సీట్లు ఎప్‌సెట్ ర్యాంకుతో కాళోజీ వర్సిటీ భర్తీ చేస్తోంది. ప్రభుత్వ ఉద్యోగాలు వచ్చే సంఖ్యలో చూస్తే బైపీసీ కోర్సుల్లో దీన్ని కొట్టేది తక్కువ. 2024 జనవరిలో ఒక్క రోజే దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు రాష్ట్ర ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు మళ్లీ 2,050 నర్సింగ్ పోస్టులకు, 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు, 633 ఫార్మసిస్ట్ పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది. విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి పంపే కార్యక్రమం నడుపుతోంది. ఏజెంట్‌కు లక్షలు కట్టే ముందు అక్కడ అడగండి.

అయితే ఒక మాట దాచకూడదు. నర్సింగ్ అంటే నైట్ డ్యూటీలు, నిలబడి చేసే పని. చిన్న ప్రైవేటు ఆస్పత్రుల్లో మొదటి జీతం చూస్తే నాలుగేళ్ల చదువుకు ఇంతేనా అనిపిస్తుంది. అబ్బాయిలైతే "నర్సింగా?" అని చుట్టాలు నవ్వుతారు. ఐసీయూలో అనుభవం రెండు మూడేళ్లు వచ్చాక పరిస్థితి మారుతుంది. అంతదాకా ఓపిక ఉండాలి.

త్వరగా సంపాదన కావాల్సిన ఇంటికి రెండేళ్ల డీఎంఎల్‌టీ లాంటి పారామెడికల్ డిప్లొమాలున్నాయి. పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీలోనే చేరాలి. నాలుగేళ్లు ఆగగలిగితే డిప్లొమా కంటే డిగ్రీయే నయం, ఎందుకంటే పదేళ్ల తర్వాత ప్రమోషన్ దగ్గర ఆ తేడా బయటపడుతుంది.

బీఫార్మసీ సంగతి వేరు. సీట్లు చాలా ఉన్నాయి, తేలిగ్గా దొరుకుతాయి. అందుకే కాలేజీ ఎంపిక ముఖ్యం. మన హైవే మీదే చౌటుప్పల్ దగ్గర దివీస్ ఉంది, అటు జీడిమెట్ల, పాశమైలారం. కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, ప్రొడక్షన్ పనులు ఉంటాయి. ల్యాబ్‌లో పరికరాలు ముట్టుకోనివ్వని కాలేజీలో నాలుగేళ్లు కూర్చుంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది. చేరే ముందు ల్యాబ్ చూపించమని అడగండి. ఫార్మ్ డీ ఆరేళ్లు. ఆస్పత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేయడానికి పెట్టిన కోర్సు. కానీ మన దగ్గర చాలా ఆస్పత్రులు ఆ పోస్టే పెట్టుకోవు. విదేశాలకు వెళ్లే ఆలోచన, మందుల భద్రత మీద పనిచేసే కంపెనీల్లో చేరే ఆలోచన ఉంటే తప్ప ఆరేళ్లు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

బీఎస్సీ అంటే చిన్నచూపు ఎందుకు?

"ఏమీ రాకపోతే డిగ్రీ" అన్నట్టు మాట్లాడతారు. బీఎస్సీ ఒక్కదానితో ఆగిపోతే మాత్రం నిజంగానే కష్టం. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అని పేరు గొప్పగా ఉన్నా, మూడేళ్ల డిగ్రీతో దొరికే ఉద్యోగాలకు జీతాలు తక్కువ. ఈ దారిలో అసలు ఫలితం ఎమ్మెస్సీ తర్వాతే, చాలాసార్లు పీహెచ్‌డీ తర్వాతే. ఇది ముందే తెలిసి వెళ్తే ఎవరూ మోసపోరు.

తెలిసి వెళ్లేవాళ్లకు వనస్థలిపురం మంచి చోటు. నాగోల్‌లో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ హబ్సిగూడ. అక్కడ సీసీఎంబీ. దేశంలో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పునాది పడింది అక్కడే, లాల్జీ సింగ్ చేతుల మీదుగా. దాని తర్వాతి స్టేషన్ తార్నాక, అక్కడ జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ. ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. పక్కనే ఉస్మానియా, జెనెటిక్స్, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లతో. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని జీవశాస్త్ర సంస్థలున్న ఊళ్లు దేశంలో ఎక్కువ లేవు. సెప్టెంబర్ 26న సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం సందర్భంగా సీసీఎంబీ లాంటి ల్యాబులు ఓపెన్ డే పెడుతుంటాయి. పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. అక్కడ నిలబడి వాళ్లు అడిగే ప్రశ్నలు వింటే చాలు, ఇష్టం ఉందో లేదో తెలుస్తుంది.

డిగ్రీ సీటు దోస్త్ ద్వారా. ఎమ్మెస్సీకి సీపీగెట్. ఆ తర్వాత సీఎస్ఐఆర్ యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37 వేలు స్టైపెండ్, ఇంటి అద్దె భత్యం వేరు. అంటే అప్పటినుంచి చదువుకు ఇంటి డబ్బు అక్కర్లేదు. మొత్తం కలిపితే పదేళ్లు దాటుతుంది. ఎంబీబీఎస్, పీజీ కలిపినా దాదాపు అంతే కదా, కాకపోతే అరకోటి అప్పు లేకుండా. నేరుగా ఐదేళ్ల కోర్సు కావాలంటే తిరుపతి ఐసర్ ఉంది. దాని ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలకు 15 లెక్కలవి, బైపీసీ పిల్లలు అక్కడే తడబడతారు. హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీ ఇంటిగ్రేటెడ్ కోర్సులకు సీయూఈటీ రాయాలి. ఇవి రెండూ ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే అప్లై చేయాల్సినవి.

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు కథ బైపీసీ చదివే పిల్లలందరికీ తెలియాలి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివినా ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఖద్దరు కట్టినందుకు ఆంగ్ల ప్రొఫెసర్‌కు కోపం వచ్చిందంటారు. అమెరికా వెళ్లి పరిశోధనలో పడ్డారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వెనుక ఆయన బృందం ఉంది. ఈ రోజుకీ క్యాన్సర్ వార్డుల్లో మెథోట్రెక్సేట్ వాడుతున్నారు.

టీచర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు బీఎస్సీ బీజెడ్‌సీ, ఆపైన బీఎడ్ పాత దారే. 2024 డీఎస్సీలో అన్నీ కలిపి 11,062 పోస్టులు వచ్చాయి. కాకపోతే డీఎస్సీ ఎప్పుడు వస్తుందో నమ్మకం లేదు, మధ్యలో ప్రైవేటు స్కూల్ జీతంతో నెట్టుకురావాలి.

ఒక్క మాట ఆడపిల్లల ఇళ్ల గురించి. "దూరం ఎందుకు, దగ్గర్లో డిగ్రీ చేర్చేద్దాం" అన్న నిర్ణయం చాలా ఇళ్లలో ర్యాంకు చూడకముందే అయిపోతుంది. రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ సీటు వచ్చిన అమ్మాయిని బస్సు రెండు మారాలని ఆపేయడం న్యాయం కాదు. హాస్టల్ ఉంటుంది, అడగండి.

తొందరపడి సంతకం చేయకూడనివి

జూన్, జూలైలో వచ్చే ఫోన్లలో ఎక్కువ విదేశీ ఎంబీబీఎస్ గురించే ఉంటాయి. నీట్ క్వాలిఫై కాకుండా వెళ్తే తిరిగొచ్చాక ఆ పట్టా ఇక్కడ చెల్లదు. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లీషులో ఉండాలి, ఇంటర్న్‌షిప్ ఏడాది అదే కాలేజీలో చేయాలి. తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ పాసవ్వాలి, 300కి 150. ఈ పరీక్షలో పాసయ్యేవాళ్ల కంటే ఫెయిలయ్యేవాళ్లు చాలా ఎక్కువ. ఏజెంట్ చెప్పే బడ్జెట్‌లో ఈ పరీక్ష కోసం ఇక్కడ కూర్చునే ఏళ్ల ఖర్చు ఉండదు.

మెడికల్ కోడింగ్ అని ఇంకోటి. డిగ్రీ తర్వాత నేర్చుకుంటే పనికొచ్చే పనే, ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ ఇంటర్ అయిన పిల్లవాడి దగ్గర 'గ్యారంటీ ప్లేస్‌మెంట్' అని ముందే మొత్తం ఫీజు లాగే ఇన్‌స్టిట్యూట్లకు దూరంగా ఉండండి.

ఏ కాలేజీ అయినా చేరే ముందు గుర్తింపు ఒకసారి చూసుకోవాలి. మెడికల్‌కు ఎన్ఎంసీ, ఫార్మసీకి పీసీఐ, నర్సింగ్‌కు నర్సింగ్ కౌన్సిల్, వెటర్నరీకి వీసీఐ, అగ్రికల్చర్‌కు ఐసీఏఆర్. పక్క రాష్ట్రాల్లో ప్రైవేటు బీఎస్సీ అగ్రికల్చర్ సీటు కొనేవాళ్లు ఐసీఏఆర్ గుర్తింపు లేకుండా చేరితే తర్వాత ప్రభుత్వ ఉద్యోగం దగ్గర, పీజీ దగ్గర ఇబ్బంది పడతారు.

ఈ వారంలో చేయాల్సినవి

లాంగ్‌టర్మ్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నా సరే, దోస్త్‌లో రిజిస్ట్రేషన్ చేసి పెట్టండి. మొదటి విడతలో ఫీజు 200 రూపాయలే. ఎప్‌సెట్ ర్యాంకు ఉంటే వ్యవసాయ వర్సిటీ, హార్టికల్చర్ వర్సిటీ, ఫారెస్ట్ కాలేజీ, ఫార్మసీ, నర్సింగ్ నోటిఫికేషన్లు ఒక్కొక్కటీ వేర్వేరు వెబ్‌సైట్లలో, వేర్వేరు తేదీల్లో వస్తాయి. ఒకదానికి అప్లై చేస్తే మిగతావాటికి చేసినట్టు కాదు. ఒక నోట్‌బుక్‌లో తేదీలు రాసి ఫ్రిజ్ మీద పెట్టుకోండి.

సర్టిఫికెట్ల విషయం ఇంకా ముఖ్యం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఈ ఏడాది ఆదాయ ధ్రువీకరణ, అవసరమైతే ఈడబ్ల్యూఎస్, టీసీ, టెన్త్ మెమో. ఆదాయ పత్రం మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి రోజులు పడుతుంది. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరుగెత్తితే అందదు. స్కూల్ మూతపడి ఉంటే స్టడీ సర్టిఫికెట్ కోసం మండల విద్యాధికారి ఆఫీసులో ముందే అడగాలి. టీసీ, మెమోల ఒరిజినల్స్ ఏ కోచింగ్ సెంటర్‌కూ, ఏ హాస్టల్‌కూ ఇవ్వొద్దు. జిరాక్స్ కాపీలు ఇస్తే చాలు.